పదకొండోసారి

గడ్డి మీద కాలు పెట్టి పదహారేళ్లు.
దొబోయ్‌లో నాకు తెలిసినన్ని సిమెంటు దారులు
మునిసిపాలిటీ వాళ్లకి కూడా తెలియవు.
పార్కు అడ్డంగా దాటితే బేకరీ నుంచి ఇంటికి మూడు నిమిషాలు.
చుట్టూ తిరిగి ఇరవై నిమిషాలకి వస్తాను.
శెఫికా ఏమీ అనదు.
చల్లారిన రొట్టెని మళ్లీ పెనం మీద పెడుతుంది.

మందుపాతరలు ఏరడం నా పని.
యుద్ధం ముగిశాక దాని చేతి జీతం తిన్నవాణ్ణి.
బోర్లా పడుకుని
వేలెడంత, వేలెడంత నేలని
పాపాయి బుగ్గ తడిమినట్టు తడమాలి.
పక్క వరసలో సెనాహిద్ ఉండేవాడు.
ఆ ఆగస్టులో ఒక ప్లమ్ తోట.
తర్వాతి సంగతి చెప్పలేదు, చాలాకాలం, ఎవరికీ.

మా అమ్మ ముందు హైరియా ముసలమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.
నెత్తిన ఎర్రగుడ్డ కప్పి
గరిటెలో సీసం కరిగించి
తల మీద పట్టిన నీళ్లగిన్నెలో పోసింది.
చుయ్‌మంది.
గడ్డకట్టిన ముక్క తీసి "ఇదిగో నీ భయం" అంది.
చెవిలా ఉంది.
దిండు కింద పెట్టుకున్నాను.
ఆ రాత్రి అది నిద్రపోయిందేమో, నేను మాత్రం లేదు.

తర్వాత మాత్రలు. తెల్లవి రెండు, పసుపుది ఒకటి.
ఒళ్లు పడుకునేది,
లోపలి మనిషి మాత్రం బూట్లు విప్పకుండా
మంచం అంచున కూర్చునే ఉండేవాడు.
తర్వాత సారా. దాని గురించి శెఫికానే అడగండి.

చెప్పుల దుకాణం మీద రెండో అంతస్తులో
డాక్టర్ రాద్మిలా.
పేరు వినగానే తెలిసింది అటువైపు మనిషని.
లేచాను.
గుమ్మానికి అడ్డంగా ఎవరిదో తడి గొడుగు.
దాన్ని దాటడానికి పట్టిన ఆ ఒక్క క్షణంలో
వెనక నుంచి అడిగింది:
"ఆ రోజు ఎండా, మబ్బా?"

ఎండ, అన్నాను. కూర్చున్నాను.

కళ్లు మూసుకుని చెప్పమంది.
"చేశాను" అనకూడదట, "చేస్తున్నాను" అనాలట.
రికార్డు చేసి ఇచ్చి ఇంట్లో రోజూ వినమంది.
ఇదేం వైద్యం, మానుతున్న పుండుని గిల్లడం?
"మానుతోందా?" అంది.
అంతకంటే ఏమీ అనలేదు.

మొదటిసారి తోట గేటు దగ్గరే ఆగిపోయాను.
మూడోసారి వాంతి.
అయిదోసారి ఆవిణ్ణి తిట్టాను, వాళ్ల వాళ్లందరినీ కలిపి.
నీళ్లు పోసి ఇచ్చి మళ్లీ గేటు దగ్గర్నుంచి మొదలెట్టమంది.
ఏడోసారి, మధ్యలో, ఆవలింత వచ్చింది.
సిగ్గుతో చచ్చిపోయాను. అంత ఘోరం చెబుతూ ఆవలింతా?
ఆవిడ మొహం పెళ్లిలో పిన్నిలా వెలిగింది.

పదకొండోసారి:
తాడు లాగుతున్నాను.
ఎర్రజెండా గుచ్చుతున్నాను.
"సెనాహిద్, ఆగు" అంటున్నాను.

నోరు నిలిచిపోయింది.

అన్నానా?
అన్నాను. రెండుసార్లు. రెండోసారి అరిచాను.
వాడు నవ్వాడు, థర్మాసు మర్చిపోయానన్నాడు,
కాఫీ చల్లారిపోతుందని
అడ్డంగా నడిచాడు.

పదహారేళ్లుగా నా చెవిలో పేలుడొక్కటే.
దాని కింద
నా గొంతు పూడిపోయి ఉంది.

అప్పుడు ఏడ్చాను, వాడి కోసం.
అంతకుముందు ఏడ్చిందంతా నా కోసమే.

మే నెలలో క్లినిక్ వెనక
చాపంత గడ్డి.
డాక్టరు ముందు తన బూట్లు విప్పి నిలబడింది.
ఎడమ మేజోడుకి చిరుగు.
నేను కుడికాలు పెట్టాను.
తడిగా ఉంది.
గడ్డి తడిగా ఉంటుందన్న సంగతే మర్చిపోయాను.

నయమైందా అంటారు.
మొన్న ఎవరో తలుపు దభాలున వేస్తే
బల్ల కిందే ఉన్నాను, ముప్పైలెక్కపెట్టే దాకా.
నిన్న అర్ధరాత్రి మళ్లీ మెలకువ.
చీకట్లో చెవులు రిక్కించి చాలాసేపు కూర్చున్నాక
తెలిసింది, లేపింది ఆకలి.

పార్కు అడ్డంగా దాటను, ఇంకా.
అంచున, ఒక కాలు సిమెంటు మీద
ఒక కాలు గడ్డి మీద.
రొట్టె
గోరువెచ్చగా ఇంటికొస్తోంది.